వంశమడుగు అంగడిలో ఎన్‌ఎస్‌ఎక్స్

హోండా యను పేరు చెవిని పడగానే తెలుగునాట మనస్సున మెదలునది, ఇరుప్రక్కల పాలక్యానులు వ్రేలాడదీసికొని తెల్లవారుజామున పల్లెనుండి పట్టణమునకు బయలుదేరు హీరో హోండా మోటారుసైకిలే గాని, గంటకు 300 కిలోమీటర్లు దాటి పరుగిడు వాహనము కాదు. ఆ జపాను సంస్థకు ఇందు చిన్నతనమేమియు లేదు. స్వల్పమైన చమురు, మొరాయించుట యెరుగని యంత్రము అను రెండు గుణములపైననే అది లోకమంతట తన ప్రతిష్ఠను నిలుపుకొన్నది. అయినను, ఏ ప్రతిష్ఠ దానికి కోట్ల కొలది వాడుకరులను సంపాదించి పెట్టినదో, ఆ ప్రతిష్ఠయే 2016లో అది విపణికి దెచ్చిన ఎన్‌ఎస్‌ఎక్స్ అను హైబ్రిడ్ సూపర్‌కారుకు కాలిబంధమైనది. ఫెరారీ, పోర్షె, మెక్‌లారెన్ వారి సరసన ఇది నిలువగలదా యని ఆనాడు పత్రికలు ప్రశ్నించినవి. ప్రశ్న ఒక్కటే గాని, యంత్రశాలలో దానికి లభించిన సమాధానము వేరు, విక్రయశాలలో లభించిన సమాధానము వేరు.

నిజమునకు ఈ ప్రశ్న అంతకుముందొకమారు పుట్టి, ఒకమారు తీరినదే. 1989లో చికాగో ప్రదర్శనమున వెలువడి, మరుసటి సంవత్సరము విక్రయమునకు వచ్చిన తొలి ఎన్‌ఎస్‌ఎక్స్‌ను షిగెరు ఉఎహారా నాయకత్వమున హోండా యింజనీర్లు దేహము సమస్తము అల్యూమినియముతోనే యుండునట్లు నిర్మించి, చోదకుని వీపు వెనుక ఆరు సిలిండర్ల 3 లీటర్ల యింజనును ఉంచి, అందలి కనెక్టింగు రాడ్లకు టైటానియమును వాడిరి. బరువు సుమారు 1,370 కిలోలు. సుజుకా పందెపు బాటపై దానిని నడిపి చూచిన పందెపు చోదకుడు అయర్టన్ సెన్నా, దేహమున గట్టిదనము చాలదని మొగమాటము లేక చెప్పగా, వారు నొచ్చుకొనక మరల పనికి పూనుకొనిరి. లోపల కూర్చున్నవానిని ఉడికించుటయు, అతని నడుమును నొప్పించుటయు ఘనతకు లక్షణములుగా చెల్లుబాటగుచున్న ఆ కాలమున, సూపర్‌కారును నిత్యము ఆఫీసునకు నడపుకొని పోవచ్చునని నిరూపించినది ఈ వాహనమే. మెక్‌లారెన్ ఎఫ్1ను రూపొందించిన గోర్డన్ మరే దీనినే తనకు కొలబద్దగా గైకొనెను. ఇంతకంటె ప్రశంసాపత్రమేల?

అట్టి తల్లికి బిడ్డ పుట్టుట మాత్రము మిక్కిలి కష్టమైనది. 2005లో తొలితరము ఉత్పత్తి ఆగిన పిమ్మట, పది సిలిండర్ల యింజనును ముందుభాగమున దాల్చిన వేరొక వాహనమును తలపెట్టి, 2008 డిసెంబరులో, ఆర్థికమాంద్యపు దెబ్బకు ఫార్ములా వన్ పందెములనుండి తాము తప్పుకొన్న నెలలోనే, దానిని గూడ విడిచిపెట్టిరి. తొలి ఎన్‌ఎస్‌ఎక్స్ అల్యూమినియపు దేహనిర్మాణమున పాలుపంచుకొన్న తకనోబు ఇటో తానే సంస్థాధిపతి యైన తరువాత ఆ ఆశ మరల చిగిర్చినది. 2012లో డెట్రాయిట్‌లో నమూనాను చూపిరి. చూపిన పిదప అడ్డముగా అమర్చదలచిన టర్బో లేని యింజనును కాదని, రెండు టర్బోలు గలదానిని నిలువుగా అమర్చవలెనని నిర్ణయించిరి. అంతట కారు కొలతలే మారిపోయినవి. 2014లో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌పై పరీక్షలో నున్న ఒక కారు మంటలకాహుతి యయ్యెను. తుదిరూపము 2015లో గాని బయటపడలేదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున మేరీస్‌విల్‌లో దీనికై ప్రత్యేకముగా కట్టిన కర్మాగారమునుండి కొన్నవారి చేతికి అందునప్పటికి 2016 వచ్చినది. పాకము దిగకముందే విస్తళ్లు వేసి బంతి కూర్చుండబెట్టిన పెండ్లివారి అవస్థ యిది: వంట రుచిగానే యున్నది గాని, అతిథుల ఆకలి అప్పటికి చచ్చినది.

ఇక ఆ వంటను దగ్గరగా చూతము. వెనుక 3.5 లీటర్ల ఆరు సిలిండర్ల జంట టర్బో యింజను, 500 అశ్వశక్తులది. దానికిని తొమ్మిది గేర్ల పెట్టెకును నడుమ 47 అశ్వశక్తుల విద్యుత్ మోటారొకటి కలదు. టర్బో ఊపిరి పోసికొనువరకు కలుగు క్షణకాలపు వెలితిని ఈ మోటారు పూరించును గనుక, పాదము మోపిన మరుక్షణమే బండి కదలును.  ముందు చక్రములకు ఒక్కొక్కదానికి 36 చొప్పున వేర్వేరు మోటార్లు. వీటినన్నిటిని కూడిన 619 రావలెను గదా, హోండావారు 573 అని మాత్రమే చెప్పుదురేమని పాఠకులకు సందేహము కలుగవచ్చును. లెక్క తప్పలేదు, ఇంజనును మోటార్లును తమ తమ గరిష్ఠబలమును చూపు వేగములు వేర్వేరు, చిన్న బ్యాటరీ ఒక్క పెట్టున ఈయగల విద్యుత్తునకు హద్దున్నది.

విశేషమంతయు ఆ ముందు జంటలో నున్నది. దున్నుచున్న రైతు చేని కొసన నాగలిని ఎడమకు మరలించునప్పుడు, దాపటి యెద్దును పగ్గముతో నిలిపి, వలపటి యెద్దును అదలించును. లోపలిది నెమ్మదించి, వెలుపలిది వడిగా నడచినగాని కాడి తిరుగదు. ఎన్‌ఎస్‌ఎక్స్ ముందు చక్రములకు నడుమ కాడి వంటి ఇరుసు బంధమే లేదు; ఇంజనునుండి ముందుకు షాఫ్టును లేదు. అందుచేత మలుపున కంప్యూటరు వెలుపలి చక్రపు మోటారుతో ముందుకు త్రోయించుచు, లోపలి మోటారును విద్యుత్తు పుట్టించు జనరేటరుగా మార్చును. ఆ విధముగా కారు తన ముక్కును తానే మలుపులోనికి త్రిప్పుకొనును. ఈ ఉపాయము హోండాకు సరిక్రొత్తది కాదు. ఇంటిల్లిపాది ప్రయాణించు లెజెండ్ అను తమ పెద్దకారులో ఇదే ఏర్పాటును తలక్రిందులుగా, అనగా రెండు మోటార్లను వెనుక చక్రములకు తగిలించి, వారు అదివరకే వాడియుండిరి.

దేహనిర్మాణమునను ఒక చక్కని పనితనము కలదు. అల్యూమినియపు కీళ్లను పోతపోయునప్పుడు, నీట కరగు బంధకముతో కట్టిన ఇసుక మూసలో కరగిన లోహమును పోసి, అది గట్టిపడుచుండగనే నీటిధారలతో మూసను కడిగివేయుదురు. లోహము త్వరగా చల్లారుటచే సన్నని కణనిర్మాణము నేర్పడి, పోత వస్తువునకు సహజమైన పెళుసుదనము తగ్గును.

సరే, పోటీ మాటకు వత్తము. పోర్షె 918, మెక్‌లారెన్ పి1, లా ఫెరారీ అను ఆనాటి హైబ్రిడ్ మహారథులతో దీనిని పోల్చుట న్యాయము కాదు. వాని వెలలు పదిలక్షల డాలర్ల చుట్టు తిరుగుచుండ, దీని ప్రారంభపు వెల 1,56,000 డాలర్లు మాత్రమే. అసలు ప్రత్యర్థులు ఆడి ఆర్8, పోర్షె 911 టర్బో, మెక్‌లారెన్ 570ఎస్. వీనికి మోటార్లును లేవు, బ్యాటరీలును లేవు. అయినను వేగమున ఇవి దీనికి తీసిపోలేదు. ఎన్‌ఎస్‌ఎక్స్ సుమారు 1,725 కిలోలు తూగుచుండ, ఆ మెక్‌లారెన్ 250 కిలోలకు పైగా తేలిక. అర్ధరాత్రి పొరుగువారి నిద్ర చెడకుండ విద్యుత్తుతోనే గేటు దాటిపోవు సౌకర్యము దీనికుండవచ్చును. కాని లక్షన్నర డాలర్లు వెచ్చించువాడు పొరుగువారికి వినబడవలెననియే వెచ్చించును గదా! పైగా లోపలి తెర, మీటలు ఆ సంస్థ సాధారణపు కార్లలోనివే. నావరకు, ఈ లోపములలో బరువు తప్ప తక్కినవి యంత్రమునకు చెందినవి కావు. అంగడి వాహనపు వంశము నడిగినది. ఇది తన పనితనమును చెప్పినది.

2016లో వేలమున తొలి కారు 12 లక్షల డాలర్లు పలికినను, తదుపరి అమ్మకములు మందగించినవి. తొలితరము పదునైదేండ్లలో సుమారు 18,000 అమ్ముడుపోగా, మలితరము మొత్తము 3,000కు చేరనైన లేదు.

అయితే తరువాతి సంగతి వినదగినది. 2021లో మెక్‌లారెన్ ఆర్టురాయు, ఫెరారీ 296యు రెండును ఆరు సిలిండర్లు, జంట టర్బోలు, వెనుక విద్యుత్ మోటారు అను పాకమునే ఎంచుకొన్నవి. 2024లో వచ్చిన లాంబొర్గీని టెమెరారియో మూడు మోటార్లను ఎక్కడెక్కడ ఉంచినదని చూతుమా, ముందు రెండు, ఇంజనుకును గేరుపెట్టెకును నడుమ ఒకటి. ముందు చక్రములకు విద్యుత్తు నిచ్చుటలో 918 ముందుగానే మార్గము చూపిన మాట నిజమే గాని, ఈ మూడు మోటార్ల కూర్పును పోటీ ధరకు తెచ్చినది హోండాయే. అందుచేత నా తీర్పు ఇది: ఎన్‌ఎస్‌ఎక్స్ పోటీకి చాలినదే, ఐదేండ్లు ముందుగా వచ్చి, వేరొక పేరు పెట్టుకొని యుండిన.

చివరగా 600 అశ్వశక్తుల టైప్ ఎస్ అను రూపమున 350 కార్లను నిర్మించి, 2022లో ఉత్పత్తిని ముగించిరి. మేరీస్‌విల్‌లోని ఆ కర్మాగారమున 2024లో హైడ్రోజనుతో నడచు సీఆర్‌వీ యను కుటుంబపు కారును కూర్చ నారంభించిరి.