రెక్కల గుర్రానికీ ఎముకలు కావాలి

ఇండియా గేట్ దగ్గర మొదలై గోల్ డాక్‌ఖానా దాకా సాగే అశోకా రోడ్డు పేరు చెబితే ఢిల్లీ తెలుగువాళ్లకు ముందు ఆంధ్రా భవన్ భోజనం గుర్తొస్తుంది. రాక్షసులు, మాయాద్వీపాలు, ఎగిరే గుర్రాల బొమ్మలు వేసి బతికే ఇలస్ట్రేటర్‌కు మాత్రం ఆ దారి పొడవునా పనికొచ్చే సరుకే. రోడ్డు మొదట్లోనే హైదరాబాద్ హౌస్ ఉంది. వాస్తుశిల్పి లుటియెన్స్ నిజాం కోసం రూపకల్పన చేసిన భవనం అది. మాంత్రికుడి కోట మీద గుమ్మటం ఎలా కూర్చోవాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. విండ్సర్ ప్లేస్ దగ్గర జనపథ్‌లోకి మళ్లితే నేషనల్ మ్యూజియం వస్తుంది. అక్కడి పాత కత్తులు, కవచాలు, మకరాల శిల్పాలు ఎంతసేపు చూసినా తనివి తీరదు. తల పైకెత్తితే ఇండియా గేట్ మీద తిరిగే గద్దలు.

ఇలాంటి బొమ్మలు వేసేవాళ్ల గురించి మనలో ఒక అపోహ ఉంది. కళ్లు మూసుకుంటే వాళ్లకు వింతలోకాలు కనిపిస్తాయని, వాటిని కాగితం మీద దించేస్తారని అనుకుంటాం. నిజానికి ఊహ చూసినదాంట్లోంచే పుడుతుంది. చూసినదాన్ని విడగొట్టి, కొత్తగా అతికించి, అది నిజంగా ఉందేమో అనిపించేలా చేయడమే ఈ వృత్తి.

రెక్కల గుర్రాన్నే తీసుకోండి. గుర్రం వీపు మీద రెండు రెక్కలు అంటిస్తే అది బొమ్మల కొలువులోని మట్టిబొమ్మలా ఉంటుంది, ఎగరదు. పక్షికి రెక్కలు కదిపే బలం రొమ్ము కండరాల్లో ఉంటుంది. కాబట్టి గుర్రం రొమ్ము ముందుకు పొడుచుకు రావాలి. రెక్క మొదలు భుజపుటెముక దగ్గర పుట్టాలి, అప్పుడు మెడ కింద చర్మం ఎక్కడ ముడత పడుతుందో చూసుకోవాలి. అంత బరువు లేవాలంటే రెక్క ఎంత పొడవుండాలో లెక్క వేసుకోవాలి. గద్ద వాలేటప్పుడు రెక్క చివరి ఈకలు వేళ్లలా విడిపోతాయి. అది గమనించినవాడి గుర్రమే నేల మీద దిగుతున్నట్టు ఉంటుంది. డైనోటోపియా పుస్తకాలతో పేరు తెచ్చుకున్న అమెరికా చిత్రకారుడు జేమ్స్ గర్నీ లేని జంతువులకు చిన్న మట్టి నమూనాలు చేసుకుని, వాటి మీద దీపం వెలుగు పడేలా పెట్టి, నీడలు చూసి రంగులు వేస్తారు.

లేనిదాన్ని ఉన్నట్టు చూపించే ఈ విద్య మన చందమామ పాఠకులకు కొత్త సంగతి కాదు. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లకు ‘చిత్ర’ వేసిన బొమ్మలు, 1952లో చేరిన శంకర్ వేసిన విక్రమార్కుడు, భుజాన శవం, చేతిలో కత్తి మూడు తరాలకు గుర్తుండిపోయాయి. శంకర్‌కు మరణానంతరం 2021లో పద్మశ్రీ ప్రకటించారు. శ్రీకాకుళంలో పుట్టి కశింకోటలో స్థిరపడిన వడ్డాది పాపయ్య చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలతో తెలుగువాళ్లకు ఒక రంగుల లోకాన్ని ఇచ్చారు. అడుగున ‘వ.పా.’ సంతకం చూడకపోయినా ఆ బొమ్మ ఎవరిదో చెప్పగలిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈనాటి ఫ్రీలాన్స్ ఇలస్ట్రేటర్‌కు నెలజీతం లేదు. నవల అట్టలు, కార్డు ఆటలు, వీడియో గేములు, సినిమాలకు కాన్సెప్ట్ ఆర్ట్, ఇలా ఎవరు అడిగితే వాళ్లకు బొమ్మకింతని తీసుకుని వేయాలి. బాహుబలి మాహిష్మతి తెర మీదకు రాకముందు విశ్వనాథ్ సుందరం లాంటి కాన్సెప్ట్ ఆర్టిస్టుల కుంచెలోనే రూపు దిద్దుకుంది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాలకు ముందే టోల్కీన్ పుస్తకాలకు బొమ్మలు వేసిన అలన్ లీ, ఆ సినిమాల్లో చివరి భాగానికి 2004లో కళా దర్శకత్వపు ఆస్కార్‌ను మరో ఇద్దరితో కలిసి అందుకున్నారు.

పని దాదాపు అంతటా ఒకే క్రమంలో సాగుతుంది. ముందు బ్రీఫ్ వస్తుంది. కథ ఏమిటి, పాత్రలెవరు, పుస్తకం పేరుకు ఎక్కడ చోటు వదలాలి, అన్నీ అందులో ఉంటాయి. తర్వాత అగ్గిపెట్టె అంత చిన్న రఫ్ స్కెచ్‌లు వేస్తారు. బొమ్మ నిలబడుతుందో లేదో తేలేది ఇక్కడే. వెలుగునీడలు ఇంత చిన్న గీతల్లో కుదరకపోతే ఎన్ని వివరాలు నింపినా కుదరవు. వాటిలో ఒకదాన్ని పని ఇచ్చినవాళ్లు ఒప్పుకున్నాక ఫొటోలు పోగేస్తారు, కొన్నిసార్లు దుప్పటి కప్పుకుని అద్దం ముందు తామే రాజులా నిలబడి మడతలు చూసుకుంటారు. రంగులు ఆ తర్వాతే. నీటిరంగులైనా, కంప్యూటర్ టాబ్లెట్ మీదైనా ఈ వరుస మారదు.

అనుభవజ్ఞుల అలవాట్లూ ఒకలాగే ఉంటాయి. జేబులో స్కెచ్‌బుక్ ఉంటుంది. బజార్లో కూర్చున్న ముసలమ్మ చెయ్యి, బస్టాపులో నిద్రపోతున్న మనిషి మెడ వంపు అందులోకి చేరతాయి. మనసు కుదిరినా కుదరకపోయినా రోజూ ఒకే వేళకు పనికి కూర్చుంటారు. డబ్బు రాని బొమ్మకు కూడా వారంలో కొంత సమయం ఉంచుకుంటారు. వాళ్లకు రేపు పని తెచ్చిపెట్టేది చాలాసార్లు ఆ బొమ్మే.

చేతి పని ఎంత నేర్చినా చాలామంది దెబ్బతినేది కాగితాల దగ్గర. మన కాపీరైటు చట్టం 1957 ప్రకారం, బొమ్మ వేసినవాళ్లే మామూలుగా దాని కాపీరైటుకు మొదటి యజమానులు. అయితే సెక్షన్ 17లో ఒక మెలిక ఉంది. డబ్బు తీసుకుని ఎవరో చెప్పగా వేసిన పెయింటింగు మీద కాపీరైటు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారికి చెందుతుంది. అందుకే పని మొదలుపెట్టకముందే రాతలో ఒప్పందం ఉండాలి. హక్కులు రాసిచ్చినప్పుడు గడువు చెప్పకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తుంది. ఎన్ని మార్పులు ఉచితం, అడ్వాన్స్ ఎంత, మధ్యలో ఆపేస్తే ఎంత ఇవ్వాలి, ఒరిజినల్ ఎవరి దగ్గర ఉండాలి, ఇవన్నీ అందులో రాసుకోవాలి. కోనన్ ఫాంటసీ పుస్తకాల అట్టలతో పేరుపొందిన చిత్రకారుడు ఫ్రాంక్ ఫ్రజెట్టా తన ఒరిజినల్స్ తనకే తిరిగి రావాలని పట్టుబట్టి సాధించుకున్నారు.

కళాకారుడి హక్కు విలువేమిటో చెప్పిన తీర్పు ఒకటి అశోకా రోడ్డుకు దగ్గర్లోనే వచ్చింది. విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తీసేసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు సెక్షన్ 57ను ఆధారం చేసుకుని, యాజమాన్యం చేతులు మారినా సృష్టికర్తకు తన పని మీద నైతిక హక్కు ఉంటుందని చెప్పింది. శిల్పాన్ని తిరిగి ఇమ్మంది, 5 లక్షల రూపాయలు చెల్లించమంది.

ఈ హక్కు ఇప్పుడు మరీ అవసరం. 2022లో బొమ్మలు పుట్టించే ఏఐ యంత్రాలు వచ్చాక, పోలండ్ ఫాంటసీ చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ పేరు టైపు చేసి ఆయన శైలిలో బొమ్మలు తయారు చేసుకోవడం ప్రపంచమంతా అలవాటైపోయింది. 2023 జనవరిలో కార్లా ఓర్టిజ్ సహా కొందరు చిత్రకారులు అలాంటి యంత్రాలు తెచ్చిన కంపెనీల మీద అమెరికాలో దావా వేశారు. 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ కూడా, తన వార్తల్ని అడగకుండా వాడుకుందంటూ ఏఐ కంపెనీ ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. చిత్రకారులు ఏళ్ల తరబడి గద్దల్ని, గుర్రాల్ని, ముసలమ్మల చేతుల్ని చూసి సంపాదించుకున్నదాన్ని అడగకుండా తీసుకోవడం అన్యాయం. యంత్రం ఎంత అందంగా వేసినా ఆ అన్యాయం తగ్గదు.

మనం చేయగలిగినవి ఉన్నాయి. ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ ఆటలో అరచేతిలో పట్టే చిన్న కార్డు మీద కూడా అడుగున చిత్రకారుడి పేరు ఉంటుంది. మన ప్రచురణకర్తలు అట్ట వెనక ఒక వరుస చోటు ఇవ్వలేరా? అడ్వాన్స్ ఇవ్వండి, ఒప్పందం రాయండి, పేరు వేయండి. పాఠకులారా, ఈసారి పుస్తకం కొన్నప్పుడు బొమ్మ ఎవరు వేశారో వెతకండి. పేరు కనిపించకపోతే ప్రచురణకర్తకు ఉత్తరం రాసి అడగండి.