ఈకతో కట్టిన ఈగ

చిప్పగిరి వంటి పల్లెలో పెరటి కోడిపుంజు మెడ నుండి రాలిన ఈకను ఎవరూ లెక్కచేయరు. ఆ ఈకకూ, శీతలదేశాల కొండవాగులలో ఈదే ట్రౌట్ చేపకూ సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. సంబంధం ఉన్నది, అది సుమారు 1800 ఏండ్ల నాటిది.

మన వైపు గాలం వేసేవారు ఎరను నమ్ముతారు. వానపామో, పిండిముద్దో కొక్కేనికి గుచ్చుతారు. పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదానికి ఒక ప్రకరణమే కేటాయించి, ఏ చేపకు ఏ ఎర ఇష్టమో వివరించాడు. ఎర నిజమైన ఆహారం. ట్రౌట్ చేపను పట్టేవారి మార్గం వేరు. వారు వేసేది ఆహారం కాదు, ఆహారపు బొమ్మ.

రోమను రచయిత ఏలియన్ మాసిడోనియాలోని ఒక నదిని గురించి వ్రాశాడు. అక్కడి మచ్చల చేపలు నీటిపై వాలే ఒక ఈగను తింటాయి. ఆ ఈగను చేత పట్టితే రంగు మాసి, రెక్కలు నలిగి, ఎరకు పనికిరాకపోతుంది. అందుచేత జాలరులు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు గడ్డం క్రింద పెరిగే మైనపురంగు ఈకలు రెండు కట్టేవారట.

నేటికీ పద్ధతి ఇంచుమించు అదే. కొక్కేన్ని బిగించి, పట్టుదారంతో తోకకు రెండు మూడు ఈకపోగులు కట్టి, దేహానికి ఉన్ని చుడతారు. చివర మెడ ఈకను కొక్కెం చుట్టూ తిప్పితే పోగులు నలుదిక్కులా విచ్చుకొని కాళ్లవలె నిలుస్తాయి. పుంజు ఈక బిరుసుది కనుక ఈగ తేలుతుంది. పెట్ట ఈక మెత్తనిది కనుక మునుగుతుంది. ఇంత తేలిక వస్తువును దూరానికి విసరడం ఎట్లా? తాడునే బరువుగా చేస్తారు. తాడు ఎగిరిపోతూ ఈగను వెంట తీసుకుపోతుంది.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా నిలిచి, కొట్టుకొనివచ్చే పురుగుల కొరకు కాచుకొంటుంది. తేలే ఈగ నీటి వేగంతోనే రావలెను. తాడు లాగినచో మోసం బయటపడుతుంది. ఏ ఋతువులో ఏ పురుగు ఎగురుతుందో కూడా తెలియవలెను. 1854లో గ్రీన్‌వెల్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు ట్వీడ్ నదిలో చేపలు తింటున్న పురుగును పట్టి, జేమ్స్ రైట్ అనే నిపుణునికి చూపి, అటువంటిదే కట్టించాడు. ‘గ్రీన్‌వెల్స్ గ్లోరీ’ అనే ఆ ఈగ నేటికీ వాడుకలో ఉన్నది.

కాని చూపు పురుగు నుండి అలంకారం వైపు మళ్లినప్పుడు కష్టం మన అడవికి వచ్చింది. మన నల్లమలలోనూ, దక్షిణాది ఇతర అడవులలోనూ తిరిగే అడవికోడి మగపక్షి మెడ ఈకలపై మైనపు చుక్కలవంటి మచ్చలుంటాయి. వాటిని ఈగకు ఇరువైపులా కడితే కళ్లవలె మెరుస్తాయి. ‘డంకెల్డ్’ అనే ఈగకు అదే అందం. ఆ రెండు చుక్కల కొరకు పక్షులను చంపి, మెడ చర్మాలను ఓడలకెక్కించారు. 1902లో ప్రభుత్వం అడవిపక్షుల ఈకల ఎగుమతిని నిషేధించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షికి రక్షణ కల్పించింది. ఇప్పుడు విదేశాలలో పెంపుడు పక్షుల ఈకలనో, కృత్రిమమైన చుక్కలనో వాడుతున్నారు.

మాసిడోనియా జాలరికి అడవికోడి అక్కరలేకపోయింది. పెరటి పుంజు చాలింది.

ట్రౌట్‌కు చల్లని నీరు కావలెను. దక్షిణాదిన 20వ శతాబ్దపు తొలి దశకంలో అది నీలగిరులలో నిలదొక్కుకొన్నది గాని, చిప్పగిరి ఎండకు బ్రతుకదు. అయినను ఉపాధ్యాయులు ఈ విద్యను తరగతిలో నేర్పవచ్చును. రాలిన కోడి ఈక, కొంచెం ఉన్ని, దారం చాలును. కొక్కెం బదులు అగ్గిపుల్ల చాలును. చెరువుగట్టున వాలిన పురుగును చూచి అటువంటిదే కట్టమనవలెను. కట్టబోయే ముందు పిల్లవాడు దాని రెక్కలు ఎట్లా ముడుచుకొన్నవో చూడవలసివస్తుంది; కాళ్లు ఎన్నో లెక్కపెట్టవలసివస్తుంది.