వేసవిలో పచ్చికూరల కోసుంబరి

రైతులు తమ పెరటి కూరలను ఉడికించియే తినుచుందురు. ఉడికించుటచేత వానియందలి సి విటమిను కొంత నశించును. వార్చిన నీటితో మఱికొంత పోవును. పచ్చిగా తినినయెడల ఈ నష్టముండదు. కీరదోసకాయలో నూటికి 95 పాళ్లు నీరే యగుటచే అది వేసవికి మిక్కిలి తగినది.

చేయు విధము: పిడికెడు పెసరపప్పును గంటసేపు నానవేసి నీరు వార్చవలెను. రెండు లేత కీరదోసకాయలను, ఒక గాజరగడ్డను, చిన్న ఉల్లిగడ్డను సన్నముగా తరిగి పప్పుతో కలిపి, పచ్చిమిరప, కొత్తిమీర, నిమ్మరసము చేర్చవలెను. ఉప్పు తినబోవునప్పుడు మాత్రమే వేయవలెను. ముందుగా వేసినచో నీరూరి ముక్కలు మెత్తబడును.

జాగ్రత్తలు: పచ్చి యెరువు వేసిన మళ్లలోని కూరలకును, మురుగునీరు పాఱిన మళ్లలోని కూరలకును నులిపురుగుల గ్రుడ్లు, విరేచనములు కలిగించు రోగబీజములు అంటియుండును. కావున కూరలను తరుగకమునుపే మంచినీటిలో రుద్ది కడిగి, గడ్డలకు చెక్కు తీయవలెను. వాంతిభేది ప్రబలిన గ్రామములలో పచ్చికూరలు తినకుండుటయే క్షేమము.

నీటి యెద్దడి తగిలిన దోసపాదుల కాయలు చేదెక్కును. ఆ చేదు వాంతులు కలిగింపగలదు. ప్రతి కాయను కొన కోసి రుచిచూచి, చేదైనదానిని పాఱవేయవలెను. పాదులకు నీరు తప్పక పెట్టుచుండిన ఈ దోషము తగ్గును.

కలిపిన కోసుంబరిని ఆ పూటయే తినవలెను, మఱునాటికి ఉంచరాదు.