పెద్దరికము దించుకొనుట

చెరువు ఊరందరిది, తూము మాత్రము ఒక్కరి చేతిలో ఉండెడిది. ఖమ్మం పట్టణమును ఆనుకొనియున్న ఖానాపురం హవేలి మొదలు భద్రాచలం అడవుల అంచు వరకు, చెరువు క్రింద సేద్యము చేసిన కుటుంబములకు ఈ మాట విడమరచి చెప్ప నక్కరలేదు. తెలంగాణపు పల్లెలలో ఏ మడికి ఏనాడు నీరు పారవలెనో చూచెడివాడు నీరటి. నీరు అతని సొత్తు కాదు, ఆయకట్టు అతని సొత్తు కాదు. అయినను అతని చేయి ఆడనిదే మడి తడిసెడిది కాదు. అట్టివానికి వయసు మళ్ళినప్పుడో మనసు అలసినప్పుడో, తూము ఎవరికి అప్పగింపవలెను? ఎట్లు అప్పగింపవలెను? ఉమ్మడి పని ఉన్నచోట నెల్ల ఈ ప్రశ్న ఉన్నది. మన కాలమున ఇది కంప్యూటరు లోకములోను తలయెత్తినది.

‘ఓపెన్ సోర్స్’ అనునది ఆ లోకపు ఉమ్మడి చెరువు. ఒక ప్రోగ్రాము యొక్క మూలపాఠమును దాచిపెట్టక, దానిని చదువుటకు, దిద్దుటకు, పంచుటకు అందరికిని హక్కునిచ్చుట దాని నియమము. అయితే పదిమంది పంపిన దిద్దుబాట్లలో దేనిని ఉంచవలెనో, దేనిని త్రోసిపుచ్చవలెనో తేల్చుటకు ఒకరు ఉండవలెను గదా! ఆ ఒకరే ఆ పనికి పెద్ద.

నేడు మన విద్యార్థులు నేర్చుకొనుచున్న పైథాన్ భాష అట్టి ఉమ్మడి సొత్తే. నెదర్లాండ్సు దేశీయుడైన గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల కాలక్షేపముగా దీనిని ఆరంభించి, 1991 ఫిబ్రవరిలో లోకమునకు విడుదల చేసినారు. ఆ పేరు పామును బట్టి వచ్చినది కాదు; ఆయనకు ప్రీతిపాత్రమైన ‘మాంటీ పైథాన్’ అను బ్రిటిషు హాస్యబృందమును బట్టి వచ్చినది. కాలక్రమమున ఎందరో ఆ పనిలో చేయి కలిపినారు. తుది తీర్పు మాత్రము గైడోదే. అందుచేత 1995లో సహచరులు ఆయనకు పరిహాసముగా ‘యావజ్జీవ దయాళు నియంత’ అను బిరుదు నిచ్చినారు.

బిరుదు యావజ్జీవము, పదవి మాత్రము కాలేదు. ఒక వాక్యము నడుమనే ఒక విలువకు పేరు పెట్టుటకు వీలు కల్పింపవలెనని 572వ సంఖ్య గల ప్రతిపాదన యొకటి వచ్చినది. చూచుటకు చిన్న సంగతి. కాని దానిపై వాదములు పెరిగి పెరిగి పరుషవాక్యముల దాక పోయినవి. గైడో దానిని ఆమోదించినారు. ఆ వెనువెంటనే, 2018 జూలై 12న, సహచరులకు ఒక లేఖ వ్రాసి పెద్దరికమును విడిచినారు. ఒక ప్రతిపాదన కొరకు ఇంతగా పోరాడి, తుదకు తన నిర్ణయములను ఇందరు ఏవగించుకొనుట చూడవలసిన స్థితి ఇక తనకు వలదనుట ఆ లేఖ సారాంశము. తాను వారసుని నియమింపబోననియు, ఇక నెట్టి పాలన కావలెనో మీరే నిశ్చయించుకొనుడనియు అందులో తెలిపినారు.

వారసుని పేరు చెప్పకపోవుట బాధ్యతను తప్పించుకొనుట యని కొందరికి తోచవచ్చును. కాని ఆయన పేరు చెప్పియుండినచో, ఆ వచ్చువాని అధికారము గైడో నుండి సంక్రమించినదే అయియుండెడిది. చెప్పనందువలన, ఆ పని చేయువారే కూర్చుండి ఆలోచింపవలసి వచ్చినది. ఏడు పద్ధతులు ప్రతిపాదింపబడినవి. 2018 డిసెంబరులో ఓటు జరిగి, ఐదుగురు సభ్యుల మండలి పద్ధతి నెగ్గినది. ఒకే సంస్థలో ఉద్యోగము చేయువారు ఇద్దరికి మించి అందులో ఉండరాదు. విశ్వాసము కోల్పోయిన మండలిని తొలగించుటకు దారి యున్నది. 2019 ఆరంభమున ఎన్నికైన తొలి మండలిలో గైడో కూడ ఒకరు. ఐదింట ఒక్క ఓటు మాత్రమే ఆయనది. మరుసటి ఎన్నికలో ఆయన పోటీ నుండి తప్పుకొన్నారు. వివాదమునకు కారణమైన ఆ మార్పు 2019 అక్టోబరు 14న వెలువడిన 3.8వ విడుదలలో చేరినది. పని ఆగలేదు.

అప్పగింతలన్నియు ఇంత చక్కగా ముగియవు. ‘ఎక్స్‌జెడ్’ అనునది సమాచారమును కుదించి చిన్నది చేయు ఉపకరణము. లినక్స్ కంప్యూటర్లలో విరివిగా వాడబడుచున్నది. దాని భారమును లాస్సె కొలిన్ అను ఫిన్లాండు దేశీయుడు ఏండ్ల తరబడి దాదాపు ఒంటరిగా, జీతము లేక మోసినారు. ఆయన అలసియున్న 2022లో, పని ఇతరులకు అప్పగింపుమని ఒత్తిడి చేయు ఉత్తరములు వచ్చినవి. ఓపికతో సాయపడుచున్న ‘జియా టాన్’ అను పేరు గల వ్యక్తికి క్రమముగా అధికారము దక్కినది. 2024లో ఆ చేతి మీదుగా వెలువడిన రెండు విడుదలలలో దొంగవాకిలి దాగియుండినది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, కంప్యూటరులోనికి ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుచున్నదేమని శోధించి, దానిని కనిపెట్టి మార్చి 29న బయటపెట్టినారు. తప్పు అలసిన మనిషిది కాదు. ఆయన ఫలమును అనుభవించుచు, ఆయన భారమును పంచుకొనని లోకముది.

మన భాషలోను ఇట్టి ఉమ్మడి కృషి యున్నది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినారు. తరువాత వచ్చినవారు ఆ మొక్కకు నీరు పోసినారు. నేడు అందులో లక్షకు పైగా వ్యాసములున్నవి. నిర్వాహకులను సభ్యులే చర్చించి ఎన్నుకొందురు. నాటినవారు ప్రక్కన లేకున్నను చెట్టు పెరుగుచున్నదనగా, అది ఎవరి పెరటి చెట్టును కాదన్నమాట.

పాఠశాలలో గ్రంథాలయమునో, విజ్ఞాన సంఘమునో ఒంటిచేత్తో నడుపు ఉపాధ్యాయులు మనకు లేకపోలేదు. బదిలీ ఉత్తర్వు వచ్చిన నాడు ఆ బీరువా తాళపుచెవి ఎవరి చేతికి పోవునో, లెక్కల పుస్తకము ఎవరికి తెలియునో, వారు ముందుగానే తలచుట మంచిది. బలమున్నప్పుడే పని మరొకరికి నేర్పి, నియమములను వ్రాసి పెట్టి, నలుగురి సమక్షమున అప్పగించినవారు వెళ్ళిపోయినను, మరునాటి ఉదయము ఆ బీరువా తెరువబడును. పిల్లల చేతులకు పుస్తకములు అందును.