గోండీలో పుట్టిన ప్రశ్న

వేసవి ఆరంభంలో బస్తర్ అడవిపల్లెల పిల్లలు తెల్లవారకముందే తల్లులతో కలిసి ఇప్పపూలు ఏరబోతారు. ఈ పూలు రాత్రివేళనే ఎందుకు రాలుతాయి? ఆ సందేహం ఒక బాలికకు గోండీలోనే కలుగుతుంది; బడిలో దానిని హిందీలోనికి మార్చుకోవలసి ఉంటుంది.

అట్టి బాలిక విశ్వవిద్యాలయపు గడప తొక్కేందుకు ఒక మార్గం ఏర్పడింది. కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ 2008లో ఆరంభించిన ‘ఇన్‌స్పైర్’ పథకంలో, పదవ తరగతి బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో నిలిచి, పై తరగతిలో విజ్ఞానశాస్త్రం ఎంచుకున్నవారికై అయిదురోజుల శిబిరాలను ఉద్దేశించారు. జగదల్‌పూర్‌లో బస్తర్ విశ్వవిద్యాలయం వెలసినదీ ఆ సంవత్సరమే. 2020లో దానికి మహేంద్ర కర్మ పేరు పెట్టారు.

శిబిరమంటే కేవలం ఉపన్యాసాలు కావు. శాస్త్రవేత్తల సాన్నిధ్యం, ప్రయోగశాల, వసతిగృహంలో అపరిచితుల నడుమ నిద్రపట్టని మొదటి రాత్రి, పదహారేళ్ల ప్రాయంలో ఇవన్నీ వింతలే. సూక్ష్మదర్శిని కింద ఉల్లిపొర కణాలను చూడడానికి భాష అక్కరలేదు. ప్రశ్న అడగడానికి మాత్రం కావాలి. అనువాదకుణ్ణి గనుక నాకు పక్షపాతం ఉండవచ్చు; అయినా ఇట్టి శిబిరాలలో ఖరీదైన పరికరాలకంటె ముందు ఒక దుబాసీని సమకూర్చాలంటాను. లేకుంటే గోండీ నుండి హిందీకి, హిందీ నుండి ఆంగ్లానికి ఆ ఇప్పపువ్వును ఆమె మోసుకువచ్చేలోగా వక్త తరువాతి అంశానికి వెళ్లిపోతాడు.