వెనక రెండు టైర్లు

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో ఉంటాడు. డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో ఇల్లు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒక పాప. వీటితో పాటు ఒక సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ జీటీ. 2018 మోడల్, అయిదు లీటర్ల వీ8 ఇంజిన్, 460 హార్స్‌పవర్. ఎమ్మెస్ చేసేటప్పటి నుంచి కలలు కని కొనుక్కున్న బండి. ఆఫీసుకి దాంట్లోనే వెళ్తాడు, నెలకోసారి డ్రాగ్ స్ట్రిప్‌కి కూడా దాన్నే తీసుకెళ్తాడు.

పోయిన సెప్టెంబర్‌లో ఒక రోజు నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు కంప్యూటర్స్ కదా, నాకు టైర్లు వెతికిపెట్టు" అన్నాడు. కంప్యూటర్స్‌కీ టైర్లకీ సంబంధం ఏంటో నాకు అర్థం కాలేదు. తర్వాత మెల్లగా అసలు విషయం బయటపెట్టాడు. ముందు రోజు రాత్రి స్ట్రిప్ నుంచి ఇంటికి వస్తుంటే హైవే మీద వానలో కారు గిర్రున తిరిగిపోయిందట. అదృష్టం బాగుండి పక్క లేన్‌లో ఎవరూ లేరు. కారు షోల్డర్‌లో అడ్డంగా ఆగింది. "మీ వదినకి ఇంకా చెప్పలేదు" అన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు నేను మిడ్స్‌కి చదవాల్సిన టైమ్‌లో టైర్ల గురించి చదివాను. అందులో నాకు అర్థమైనదే ఈ ఆర్టికల్.

డ్రాగ్ రేసింగ్ తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, నేరుగా వెళ్ళాలి. మలుపుల్లేవు. అన్నయ్య వెళ్ళేది ఎన్నిస్ అనే ఊరి దగ్గరున్న టెక్సాస్ మోటార్‌ప్లెక్స్‌కి. 1986లో కట్టారు, స్ట్రిప్ పొడవునా కాంక్రీటే. టెస్ట్ అండ్ ట్యూన్ అని పెట్టే రోజుల్లో డబ్బు కట్టి ఎవరైనా సొంత కారు తోలుకోవచ్చు. పరుగు అయ్యాక చేతికి ఒక చీటీ ఇస్తారు. అందులో అందరూ ముందు చూసేది మొత్తం టైమ్ కాదు, మొదటి 60 అడుగులకి పట్టిన టైమ్. ఆ 18 మీటర్లలో ఒక పదో వంతు సెకను మిగిలితే, చివరికి దానికి ఒకటిన్నర రెట్లో ఇంకాస్త ఎక్కువో మిగులుతుందని అక్కడివాళ్ళ లెక్క. ఆ 18 మీటర్లలో ఇంజిన్ ఎంత పెద్దదైనా పెద్దగా లాభం లేదు. చక్రం జారకుండా నేలని పట్టుకోవాలి, అంతే.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైర్ల మీద అన్నయ్యకి 60 అడుగులకి 2.15 సెకన్లు, మొత్తం 12.6 పట్టేది. డ్రాగ్ రేడియల్ అనే రకం వేశాక 1.78, మొత్తం 12.0. ఇంజిన్‌లో ఒక్క బోల్టు కూడా ముట్టుకోలేదు, మార్చింది వెనక రెండు టైర్లే.

ఇంటర్ ఫిజిక్స్‌లో ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదని బట్టీ పట్టాం కదా, రబ్బరు ఆ మాట వినదు. మెత్తటి రబ్బరు రెండు పనులు చేస్తుంది. నేలకి అణువుల స్థాయిలో అతుక్కుంటుంది, రోడ్డు మీద గరుకు రాళ్ళ మధ్యలోకి సాగి పట్టుకుంటుంది. ఎంత మెత్తగా ఉంటే అంత పట్టు. ఒకే బరువుని ఎక్కువ చోట పరిస్తే ఇంకా పట్టు. స్ట్రిప్ మీద జిగురు లాంటి రెసిన్ కూడా చల్లుతారు. అక్కడ నడిస్తే బూట్లు ఊడిపోతాయంటే నేను నమ్మలేదు, అన్నయ్య వీడియో తీసి పంపాడు.

ఇంకో తమాషా ఉంది. కారు గట్టిగా ముందుకి దూకినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. మస్టాంగ్‌లో నిలబడి ఉన్నప్పుడు సగం కన్నా కొంచెం తక్కువ బరువు వెనక చక్రాల మీద ఉంటుంది. పట్టు దొరికితే ఇంకా గట్టిగా దూకుతుంది, ఇంకా బరువు వెనక్కి వస్తుంది, దాంతో ఇంకా పట్టు పెరుగుతుంది. మన భాషలో పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్. అందుకే టైరు కొంచెం మెరుగైతే టైమ్ చాలా మెరుగవుతుంది. దీనికి ఒక ఖర్చు కూడా ఉంది. టైరు జారడం అనేది ఒక రకంగా ఫ్యూజ్ లాంటిది. అది జారకపోతే ఆ దెబ్బంతా యాక్సిల్స్‌కీ గేర్‌బాక్స్‌కీ తగులుతుంది. టైరు బాగుపడింది కాబట్టి యాక్సిల్ విరిగింది అనే కథలు ఈ ఆటలో మామూలే.

ఇక రకాలు. అసలు రేసువాళ్ళు వాడేది స్లిక్. దానికి గాళ్ళే ఉండవు, బోడిగుండులా నున్నగా ఉంటుంది. సైడ్‌వాల్ మెత్తగా ఉండి, బయల్దేరేటప్పుడు ముడతలు పడి ఆ దెబ్బని మింగుతుంది. రోడ్డు మీద వాడటానికి దానికి అనుమతి లేదు. పైగా చాలా స్లిక్‌లు బయాస్ ప్లై రకం. ముందు రేడియల్, వెనక బయాస్ ప్లై వేసుకుని వేగంగా వెళ్తే కారు వెనక భాగం ఊగుతుంది. ఆఫీసుకి వెళ్ళే బండికి ఇది కుదరదు, వదిలేద్దాం.

డ్రాగ్ రేడియల్ మధ్యరకం. లోపల మామూలు కార్ టైర్ లాగే రేడియల్ నిర్మాణం, పైన స్లిక్‌కి దగ్గరగా ఉండే మెత్తటి రబ్బరు, దాని మీద పేరుకి కొన్ని గాళ్ళు. అమెరికా రవాణా శాఖ గుర్తు ఉంటుంది కాబట్టి రోడ్డు మీద తిప్పొచ్చు. మిక్కీ థాంప్సన్, నిట్టో, హూసియర్ లాంటి కంపెనీలు చేస్తాయి. వీటిలోనూ కొన్నిటికి గాళ్ళు ఎక్కువ, కొన్నిటికి అసలు ఉన్నాయా అన్నట్టు ఉంటాయి. రోడ్డు మీద తిప్పొచ్చు అన్న ఆ ఒక్క గుర్తే మా అన్నయ్యని మోసం చేసింది. చట్టం ఒప్పుకుందంటే వాన ఒప్పుకున్నట్టు కాదు కదా.

టైరు ఎంత మెత్తనో తెలుసుకోవడానికి సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. 100 అంటే ప్రామాణిక టైరుతో సమానంగా అరుగుతుంది, 400 అంటే దానికి నాలుగు రెట్లు మన్నుతుంది అని లెక్క. ఆ పరీక్ష జరిగేది కూడా టెక్సాస్‌లోనే. శాన్ ఏంజెలో ఊరి చుట్టూ ఉన్న రోడ్ల మీద 7,200 మైళ్ళు తిప్పుతారు. చివరి అంకె వేసుకునేది మాత్రం కంపెనీయే. కాబట్టి రెండు కంపెనీల అంకెల్ని పక్కపక్కన పెట్టి కొట్టుకోవద్దు. ఆఫీసు కార్ల టైర్లకి 400, 500 ఉంటే, డ్రాగ్ రేడియల్‌కి 100 లేదా ఇంకా తక్కువ. అంటే రోజూ తిరిగితే ఒక్క ఏడాది కూడా రాకపోవచ్చు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. డ్రాగ్ రేడియల్స్‌తో స్ట్రిప్ మీద పరిగెత్తే ముందు గాలి తీస్తారు. రోడ్డు మీద 32 పీఎస్ఐ ఉండే టైరుని అన్నయ్య 17కి దించాడు. దీని లెక్క సులువే. వెనక ఒక్కో చక్రం మీద సుమారు 400 కిలోలు ఉందనుకోండి. 32 పీఎస్ఐ దగ్గర ఆ బరువుని మోయడానికి నేలని తాకే రబ్బరు సుమారు 180 చదరపు సెంటీమీటర్లు, అంటే వేళ్ళతో కలిపి మన చేయి అంత. గాలి సగం చేస్తే సైడ్‌వాల్ కొంత బరువు మోస్తుంది కాబట్టి వైశాల్యం పూర్తిగా రెట్టింపు కాదు గానీ, బాగా పెరుగుతుంది. స్ట్రిప్ మీద అది వరం.

వాన నీటి మీద మాత్రం అదే శాపం. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ టైరు కిందికి నీరు దూరి దాన్ని పైకి లేపుతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. విమానాల టైర్ల మీద 1960ల్లో నాసా వాళ్ళు ప్రయోగాలు చేసి ఒక చిన్న సూత్రం ఇచ్చారు. పీఎస్ఐలో గాలి ఎంతుందో దాని వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే, టైరు తేలిపోయే వేగం మైళ్ళలో వస్తుంది. కిలోమీటర్లలో కావాలంటే 16.7తో గుణించండి. 32 పీఎస్ఐకి గంటకి 94 కిలోమీటర్లు. 17 పీఎస్ఐకి 69. ఇది గాళ్ళు నీళ్ళని బయటికి తోయలేనప్పటి లెక్క. కార్లకి అచ్చంగా సరిపోదు, వెడల్పు టైరు ఇంకా ముందే తేలొచ్చు. అయినా దిశ మాత్రం అదే.

ఆ రాత్రి అన్నయ్య గంటకి 55 మైళ్ళలో వస్తున్నాడు. అంటే 88 కిలోమీటర్లు. వెనక టైర్లలో ఇంకా 17 పీఎస్ఐయే ఉంది. గాలి కొట్టుకునే చోట లైను పెద్దగా ఉంది, టైమ్ పదకొండు, "దారిలో పెట్రోల్ బంకులో కొట్టుకుందాంలే" అనుకున్నాడు. తర్వాత మర్చిపోయాడు. గాలి తక్కువ ఉందని డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతూనే ఉంది. కానీ స్ట్రిప్‌కి వెళ్ళిన ప్రతిసారీ అది వెలుగుతుంది కాబట్టి దాన్ని చూడటం ఎప్పుడో మానేశాడు. ముందు టైర్లు మామూలువి, మంచి గాళ్ళు, 32 పీఎస్ఐ. అవి నేలని పట్టుకునే ఉన్నాయి. వెనకవి తేలాయి. ముందు పట్టు ఉండి వెనక పట్టు పోతే కారు బొంగరమే. రెండు టైర్లే కొత్తవి కొంటే అవి వెనక్కి వేయమని మెకానిక్‌లు చెప్పేది ఇందుకే. నేను నా యాక్టివా వెనక టైరు నున్నగా అయినా "ఇంకో నెల నడుస్తుందిలే" అని తిరుగుతున్నా. ఈ లెక్క వేసిన మర్నాడే మార్పించాను.

ఇదంతా నేను స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి వీడియో కాల్‌లో చూపిస్తుంటే, వెనక నుంచి వదిన వచ్చింది. అప్పటికి ఆవిడకి విషయం తెలిసిపోయింది, ఎలాగో అడగకండి. నా పట్టికలో పదకొండు కాలమ్స్ ఉన్నాయి. ఆవిడ ఒక్కటే అడిగింది: "నా కారు సర్వీసింగ్‌కి వెళ్ళిన రోజు పాపని డేకేర్ నుంచి తెచ్చేది ఈ కారే. ఆ రోజు వానొస్తే?" నా దగ్గర ఆ కాలమ్ లేదు.

ఒకే టైరుతో రెండు పనులూ చేయించాలంటే మిగిలిన దారులు ఏంటో చూశాం. గాళ్ళు ఎక్కువున్న డ్రాగ్ రేడియల్ వేసుకుని, వాన రోజు బయటికి తీయకపోవడం ఒకటి. టెక్సాస్ వాన చెప్పి రాదు. పైగా చలి బాగా పెరిగితే ఆ రబ్బరు గట్టిబడుతుంది, గడ్డకట్టే చలిలో వాడొద్దని కంపెనీలే రాస్తాయి. డల్లాస్‌లో ఏటా కొన్ని రోజులైనా అలాంటివి వస్తాయి. ట్రెడ్‌వేర్ 200 ఉండే మంచి సమ్మర్ టైరు వేసుకుని ఆ అర సెకను వదులుకోవడం ఇంకొకటి. నిజం చెప్పాలంటే ఏడాదికి రెండుసార్లు సరదాకి వెళ్ళేవాళ్ళకి ఇదే సరైనదని నా అభిప్రాయం. అలా వెళ్తే ఒక్క జాగ్రత్త. టైర్లు వేడెక్కించే ముందు తడిపే నీళ్ళ మడుగులోకి పోకుండా పక్క నుంచి వెళ్ళాలి. లేకపోతే గాళ్ళలో నీళ్ళు మోసుకెళ్ళి స్టార్టింగ్ లైన్ దగ్గర పోస్తారు, వెనకున్నవాళ్ళు తిడతారు.

మా అన్నయ్య వెళ్ళేది నెలకోసారి, ఆ అర సెకను వదులుకోడు. కాబట్టి రెండు సెట్లు. రోడ్డుకి 275/40ఆర్19 సైజులో ఆల్ సీజన్ టైర్లు. స్ట్రిప్‌కి విడిగా 17 అంగుళాల రిమ్ముల మీద 305/45ఆర్17 డ్రాగ్ రేడియల్స్. ఈ అంకెలు చూసి భయపడకండి. మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో ఎంత శాతం సైడ్‌వాల్ ఎత్తు, చివరిది అంగుళాల్లో రిమ్ము. లెక్క కట్టండి: మొదటి టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు, రెండోది 706. దాదాపు ఒకటే, కాబట్టి స్పీడోమీటరు, గేరింగ్ మారవు. కానీ సైడ్‌వాల్ 110 నుంచి 137 మిల్లీమీటర్లకి పెరిగింది. రిమ్ము చిన్నదైతే రబ్బరు ఎక్కువ, బయల్దేరే దెబ్బని మింగే చోటు ఎక్కువ. కొనే ముందు ఆ చిన్న రిమ్ము లోపల బ్రేక్ క్యాలిపర్ పడుతుందా, వెడల్పు టైరు లోపలి వైపు దేనికైనా రాసుకుంటుందా అన్నది మాత్రం కొలుచుకోవాలి.

ఖర్చు ఎక్కువే. వెళ్ళేటప్పుడు ఒక చక్రం డిక్కీలో, ఒకటి పక్క సీట్లో సీట్ బెల్టు పెట్టుకుని కూర్చుంటుంది. అక్కడ జాకీ వేసి మార్చడం, మళ్ళీ రాత్రి మార్చడం, నట్లు టార్క్ రెంచ్‌తో 150 పౌండ్ ఫీట్‌కి బిగించడం, కొంత దూరం వెళ్ళాక మళ్ళీ చూసుకోవడం. గంట పని. కానీ రోడ్డు మీదకి వచ్చే టైర్లలో గాలి ఎప్పుడూ దించరు, గాళ్ళు ఎప్పుడూ ఉంటాయి. గుర్తుపెట్టుకుని గాలి కొట్టుకోవాలి అనే స్టెప్పే ప్రోగ్రామ్‌లోంచి తీసేశాం. రాత్రి పదకొండుకి అలసిపోయిన మనిషికి ఏదో గుర్తుంటుందని నమ్మి సిస్టమ్ కట్టకూడదని మన డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఒప్పుకుంటారు.

మొన్న శనివారం కొత్త సెట్టుతో మొదటిసారి వెళ్ళాడు. 60 అడుగులు 1.76. చీటీ ఫోటో నాకు పంపాడు. దాని కింద వదిన ఇంకో ఫోటో పంపింది: తడి రోడ్డు, ఇంటి ముందు ఆగిన కారు, డ్యాష్‌బోర్డు మీద ఏ పసుపు లైటూ లేదు.