ఏడు డాలర్ల గడప

టొరంటోలో మనవడి బారసాల. రాజమండ్రి నుంచి అమ్మమ్మ బయల్దేరింది. వేలిముద్రలిచ్చి, బ్యాంకు కాగితాలు పెట్టి, ఎదురుచూసి ఎదురుచూసి సంపాదించిన కెనడా వీసా ఆవిడ పాస్‌పోర్టులో భద్రంగా ఉంది. లండన్ నుంచి పెద్దల్లుడు, సూట్‌కేసులో వెండి ఉగ్గుగిన్నెతో. బ్రిటిష్ పౌరసత్వం తీసుకుని ఏళ్లయింది కనుక ‘మనకు వీసా అక్కర్లేదుగా’ అని ధీమా. తీరా హీత్రూ కౌంటర్ దగ్గర ఆగిపోయింది ఆయనే.

ఇది కల్పనే. కానీ ఒకే ఇంట్లో మూడు నాలుగు దేశాల పాస్‌పోర్టులున్న తెలుగు కుటుంబాలకు ఏమంత దూరపు కల్పన కాదు.

అల్లుణ్ని ఆపింది ఈటీఏ. వీసా అక్కర్లేని దేశాలవాళ్లు విమానంలో కెనడా వెళ్లాలంటే ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకోవాల్సిన అనుమతి. 2016 మార్చి 15న తెచ్చారు. జనానికి అలవాటయ్యేదాకా, అంటే ఆ నవంబరు వరకూ, చూసీచూడనట్టు వదిలేశారు. రుసుము 7 కెనడా డాలర్లు. (గూగుల్‌లో ముందు కనబడే దళారీ సైట్లు ఇంతకు ఎన్నో రెట్లు గుంజుతాయి.) ఐదేళ్లు చెల్లుతుంది, ఈలోగా పాస్‌పోర్టు గడువు తీరకపోతే.

మెలిక ఇక్కడే. స్టాంపు ఉండదు, స్టిక్కరు ఉండదు. అనుమతిని పాస్‌పోర్టు నంబరుకు కంప్యూటర్లో ముడివేస్తారు. పాస్‌పోర్టు మారితే ఆ ముడి తెగినట్టే. సున్నా బదులు ‘ఓ’ కొట్టినా అంతే సంగతులు. కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టు స్కాన్ చేయగానే వివరాలు కెనడాకు వెళ్తాయి. ఎక్కించాలా వద్దా అన్న జవాబు అక్కణ్నుంచే వస్తుంది. ఆ దేశపు గడప సముద్రం దాటొచ్చి, మన పెట్టెలు తూచే చోట కూర్చుందన్నమాట. చాలామందికి నిమిషాల్లో వచ్చే అనుమతే. కొందరికి రోజులు పడుతుంది. సూట్‌కేసు మీద కూలబడి ఫోన్లో దరఖాస్తు నింపుతున్న అల్లుడు ఏ కోవలోకి వస్తాడో ఆయన అదృష్టం.

తమాషా ఏమిటంటే, ఇదే మనిషి అమెరికాలో దిగి, నయాగరా దగ్గర రెయిన్‌బో బ్రిడ్జి మీద కారులో వస్తే ఈటీఏ అడగరు. విమానం మారడానికి కెనడాలో కాసేపు ఆగినా మాత్రం ఉండాల్సిందే. గ్రీన్‌కార్డున్న మనవాళ్లకు 2022 ఏప్రిల్ 26 నుంచి ఈ బెడద తప్పింది. పాస్‌పోర్టూ కార్డూ చూపిస్తే చాలు. అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీదున్న పిల్లాడి మేనమామకు మాత్రం కెనడా వీసానే గతి. 2023 జూన్‌లో ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ సహా 13 దేశాలవాళ్లకు, గత పదేళ్లలో కెనడా వీసా పొందినా, చేతిలో అమెరికా వీసా ఉన్నా, విమాన ప్రయాణానికి ఈటీఏ చాలన్నారు. ఆ జాబితాలో మనం లేం. ఇది కాస్త కడుపుమంట కలిగించే సంగతే.

ఇక ఉయ్యాల్లో ఉన్నవాడు పుట్టుకతోనే కెనడా పౌరుడు. బ్రిటన్ కూడా 2025 జనవరి 8 నుంచి కెనడా పాస్‌పోర్టులకు ఈటీఏ పెట్టింది. చంటిపిల్లలకూ మినహాయింపు లేదు. అన్నప్రాశనకు పెదనాన్నగారింటికి లండన్ వెళ్లాలంటే, ఫొటో దిగి దరఖాస్తు పెట్టుకోవడం ఈసారి వాడి వంతు.